ప్రీమియం పెరిగితే ఆరోగ్యం

రిటైరైన మనిషికి హెల్త్ ఇన్సూరెన్స్ ప్రీమియం పెరగడాన్ని మించిన టానిక్ ఈ భూమ్మీద లేదు! నవ్వకండి. మదనపల్లె లక్ష్మీపతి గారే ఇందుకు సాక్ష్యం. పట్టుపురుగుల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి దిగిన పెద్దమనిషి.

2008 జూన్‌లో ఆయనకు అరవై ఐదు నిండాయి. సరిగ్గా ఆ వారమే కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. పుట్టినరోజు గుర్తుపెట్టుకుని ఉత్తరం రాసే ఆప్తులు ఈ కాలంలో ఎవరున్నారు చెప్పండి? వయసు పెరిగింది కాబట్టి ఈ ఏడు ప్రీమియం రెండింతలు కట్టమని ముద్దుగా రాశారు.

ఫలితం చూడండి! మర్నాటి నుంచే ఆయన మిరపకాయ బజ్జీ మానేశారు. కాలేజీ గ్రౌండు చుట్టూ ఐదు రౌండ్లు నడవసాగారు. ఇరవై ఏళ్లుగా డాక్టర్లు చెప్పి చెప్పి అలిసిపోయిన పనిని ఒక్క కాగితం చేయించింది. బీపీ కాస్త పెరిగిన మాట నిజమే. టానిక్ అన్నాక సైడ్ ఎఫెక్ట్ ఉండదా?

మెదడుకూ మేత దొరికింది. వాకింగ్‌కొచ్చే రిటైర్డు మిత్రులంతా ప్రీమియం తప్పించుకునే ఆప్షన్ల మీద పడ్డారు. పాలసీ వదిలేయమన్నాడు పోస్టాఫీసు సుబ్బయ్య.

"ఆ దుడ్డు బ్యాంకులో ఏసుకో అప్పా. జబ్బు రాకుంటే వడ్డీ నీదే."

"వస్తే?"

"యాల వస్తాది? పొద్దున్నే మంచి మాట మాట్లాడు!"

వేరే కంపెనీకి మారమన్నాడు గంగులప్ప. అక్కడ పాత జబ్బులకు నాలుగేళ్లు ఆగాలట. "నాలుగేళ్లే కదా, ఓపిక పట్టలేవా?" అన్నాడు. జబ్బుకు ఓపిక పట్టమని ఎవరు చెప్పాలో మాత్రం చెప్పలేదు.

అయినా పాలసీని వదలడం అంత సులభమా? పదకొండేళ్లుగా ఆయన ఒక్క రూపాయి క్లెయిమ్ చేయలేదు. వాడుకోనందుకు కంపెనీవాళ్లు ఏటేటా నో క్లెయిమ్ బోనస్ కలుపుతూ వచ్చారు. ఒక్కసారి వాడుకుంటే అది గోవిందా! అందుకే ఆయన ఆ కార్డును ల్యామినేషన్ చేయించి దేవుడి గూట్లో పెట్టుకున్నారు. ఆయుధపూజకు కుంకుమ బొట్టు కూడా.

మూడేళ్ల కిందట కుప్పంలో పెద్ద డాక్టరు, ఆయన భార్య ఆదిలక్ష్మమ్మకు మోకాలు మార్చాలని చెప్పాడు. అప్పుడు లక్ష్మీపతి గారు బాగా ఆలోచించే అన్నారు, "మోకాలు యాడికి పోతాది? బోనస్ పోతే మళ్లా రాదు" అని. నాటి నుంచి ఆమె మెట్లు పక్కవాటుగా దిగుతోంది. బోనస్ మాత్రం నిటారుగా నడుస్తోంది.

చివరికి ఆయనకే ఒక ఆప్షన్ తట్టింది. పాలసీ ఇద్దరిదీ. ఒకరిని తీసేస్తే? ఆ ఒకరు ఎవరో వేరే చెప్పాలా!

"నీకేముండాది? రాయి మాదిరి ఉండావు" అని భార్యను సంతకానికి పుంగనూరు బస్సెక్కించారు. ఆమె రెండు చేతులతో కమ్మీ పట్టుకుని, పళ్లు బిగబట్టి ఎక్కింది.

పుంగనూరులో ఏజెంటు గంగాధర్ ఆదిలక్ష్మమ్మ అన్న కొడుకే. క్యాలిక్యులేటర్ నొక్కి, తల గోక్కుని, మళ్లీ నొక్కాడు.

"అత్తను తీసేస్తే తగ్గేది శానా కొంచెం మామా."

"అదేంది? సగం తగ్గల్ల కదా!"

"ఇద్దుర్లో పెద్ద వయసును బట్టి గదా రేటు. అత్తకు యాభై ఏడే. బరువంతా నీదే మామా."

ఆదిలక్ష్మమ్మ కుర్చీ ముందుకు జరుపుకుంది.

"అట్లయితే ఈయప్పను తీసేస్తే?"

గంగాధర్ నొక్కాడు. "మూడో వంతుకు పడిపోతాది అత్తా! పాత పాలసీనే గదా, మోకాలికి నాలుగేళ్లు ఆగే పని గూడా లేదు."

"ఏమే, నన్ను తీసేస్తావా?"

"నీకేముండాది? దినామూ ఐదు రౌండ్లు నడస్తాండావు. రాయి మాదిరి ఉండావు. గంగాధరా, పెన్ను ఇట్లియ్యి నాయనా."

మరుసటి నెల కుప్పం ఆసుపత్రిలో, ఆపరేషన్ గది బయట బెంచీ మీద, లక్ష్మీపతి గారు చెప్పుల సంచీ పట్టుకుని కూర్చున్నారు. ఏ పాలసీ లేకుండా ఆసుపత్రిలో కూర్చోవడం ఆయనకు పదకొండేళ్లలో ఇదే మొదలు. తుమ్మొచ్చినా ఆపుకున్నారు.

ఆయనకు తన తాత పుంగనూరు ఆవు గుర్తొచ్చింది. పాలిచ్చినన్నాళ్లూ పిండుకుని, వట్టిపోయిన ఏడు "ఇక నీ గడ్డి నువ్వే కొనుక్కో, అదీ రెండింతల రేటుకు" అని తాత ఏనాడూ ఆ ఆవుతో అనలేదు. తాతకు ఇన్సూరెన్సు తెలియదు పాపం.

సాయంత్రానికి ఆదిలక్ష్మమ్మ కళ్లు తెరిచింది. ఆయన మంచం దగ్గరికి వంగారు. అడగాలనుకున్నది వేరు, నోట్లోంచి వచ్చింది వేరు.

"బోనస్ పోయింది గదే..."

"పోనీలే" అందామె మత్తుగా. "మోకాలొచ్చింది."