డైరెక్టరుగారి కెర్నెల్ ప్రవేశం

మా ఆసుపత్రి డైరెక్టరుగారు కంప్యూటరు కెర్నెల్‌లోకి వేంచేశారని ప్రజలకు సంతోషపూర్వకంగా తెలియజేయడమైనది.

స్వయంగా కాదు లెండి, ఆయన నామధేయం. గుండె వార్డులో రోగుల నాడి కనిపెట్టే కంప్యూటరు తెర మీద ఆయనగారి పేరు బిరుదులతో సహా పాకుతూ ఉంటుంది. రోగికి అంతకంటే ధైర్యం ఏం కావాలి? అయితే ఆ పేరును నడిపే ప్రోగ్రాము 'యూజర్ స్పేస్'లో, అంటే కెర్నెల్ బయట మామూలు ప్రోగ్రాములుండే చోట, పడి ఉందని ఎవరో పుణ్యాత్ముడు ఆయన చెవిన వేశాడు.

"యూజరా? ఊళ్ళో ప్రతివాడూ యూజరే! నన్ను తీసుకెళ్ళి వాళ్ళ మధ్య కూర్చోబెట్టారా? తక్షణం కెర్నెల్ లోపల పెట్టండి!" అని డైరెక్టరుగారు మండిపడ్డారు.

కంప్యూటర్లు చూసే ఇంజనీరమ్మ, పాపం, నిజం చెప్పబోయింది. "సార్, బయట ఏ ప్రోగ్రాము చెడి పడినా అదొక్కటే పడుతుంది. కెర్నెల్ అంటే యంత్రం మొత్తాన్ని నడిపేది. అక్కడ ఏది పడినా అన్నీ పడతాయి, నాడి చూసేదానితో సహా."

"నేను పడితే అందరూ పడాల్సిందే కదమ్మా! హోదా అంటే అదే మరి!"

గది గదంతా చప్పట్లు. ఇంజనీరమ్మ వెళ్ళి ఆయన పేరును కెర్నెల్ లోపల పెట్టింది.

ఇక చూడాలి తొక్కిసలాట! పెద్ద డాక్టరుగారు తెర మీద పెట్టించుకున్న గడియారం లోపలికి దూరింది. డైరెక్టరుగారి బావమరిది క్యాంటీను ప్రకటన లోపలికి దూరింది. బయట మిగిలింది రోగుల నాడి చూసే ప్రోగ్రాము ఒక్కటే. దానికి సిఫారసు లేదు.

ఆ వార్డులోనే మా వీధి దర్జీ భార్య ఉంది. ఆవిడ గుండె ఎప్పుడు లయ తప్పుతుందో తెలియదు. తప్పగానే యంత్రం కూయాలి, నర్సు పరుగెత్తాలి. దర్జీ రెప్ప వేయకుండా తెరనే చూస్తూ కూర్చున్నాడు.

ఇంతలో డైరెక్టరుగారికి 'హృదయ సార్వభౌమ' అనే కొత్త బిరుదు వచ్చింది. ఉన్న బిరుదులకే కంప్యూటరులో చోటు చాలక చస్తుంటే, ఇదొచ్చి పక్కవాటి చోట్లోకి కాళ్ళు చాపింది. బయటైతే పేరొక్కటే చెరిగిపోయేది. లోపల కదా, కంప్యూటరు నిలువునా కూలింది, తెర నల్లబడింది.

"అమ్మా, మా ఆవిడ అదోలా ఉంది, ఒక్కసారి రండి!" అని దర్జీ కేక పెట్టాడు.

"యంత్రం కూయలేదుగా, కంగారుపడకండి," అంది నర్సు.

నర్సు వచ్చి చూసేసరికి రోగి చెయ్యి చల్లబడిపోయింది.

రోగి గుండె ముందస్తు సమాచారం లేకుండా ఆగినదని విచారణ సంఘం తేల్చింది. హెచ్చరించిన పాపానికి ఇంజనీరమ్మ ఉద్యోగం ఊడింది. డైరెక్టరుగారు పెద్ద మనసు చేసుకుని, అందరి ఎదుటా దర్జీ భుజం తట్టి, ఏం కావాలో కోరుకోమన్నారు. ఆ పేరును బయటికి లాగెయ్యమంటాడని మేమంతా ఊపిరి బిగబట్టి చూశాం.

దర్జీ కళ్ళు తుడుచుకున్నాడు.

"మా తమ్ముడి పేరు ఎలాగైనా ఆ కెర్నెల్ లోపల పెట్టించండి సార్. బయట ఉంటే బతకలేం."

మాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మాట అతనికంటే ముందు మేము అడగలేకపోయామే అని.