మంచులో ఓడ, బొంతల కింద వెంకటరాజం

చౌటుప్పల్ సాలెవాడలో సముద్రం చూసినవాడు ఒక్కడూ లేడు. అయినా ఆ ఎండాకాలం మగ్గాల మీద చేతులాడుతుంటే, నోళ్లలో ఓడలే ఆడుతున్నాయి. పంచాయతీ రేడియోలో బుధవారం బుధవారం సాయంత్రం నాటకం వస్తోంది. తిమింగలాల వేటకు ఉత్తర సముద్రానికి పోయిన ఓడ మంచులో ఇరుక్కుంది. ఈ బుధవారంతో కథ ఆఖరు.

అందరికన్నా పిచ్చి వెంకటరాజానిది.

"తిమింగలమంటే చెరువంత చేపనే!" అన్నాడు భార్యతో.

"గంత చేపను ఏ గంజుల వండుతరు?" అంది లీలమ్మ. "గది ఇడిసిపెట్టు. గురువారం కల్వకుర్తిల మా అన్న కొడుకు తొట్టెల పండుగ. పెండ్లయిన పదేండ్లకు పుట్టిన పిలగాడు. బుధవారమే బయలెల్లాలె."

వెంకటరాజం గుండెలో మంచు పగిలింది.

బుధవారం తెల్లవారేసరికి ఆయనకు చలిజ్వరం వచ్చింది. పళ్లు టకటకలాడించాడు. "నాతోని కాదే. నువ్వు పో. నా ఫికర్ చెయ్యకు."

"నిన్నిట్ల ఇడిసిపెట్టి ఎట్ల పోత?" అని లీలమ్మ కట్టిన మూట విప్పేసింది. అది మాత్రం ఆయన లెక్కలో లేదు.

ఒక బొంత కప్పింది. వణుకు ఆపితే దొరికిపోతాడని ఆయన ఇంకా వణికాడు. రెండోది కప్పింది. పక్కింటి సోమమ్మ మూడోది తెచ్చింది. నడి వేసవిలో మూడు బొంతలు! పైనుంచి గిన్నెడు నేలవేము కషాయం. ఆ చేదుకు ఆయన నాలుక మధ్యాహ్నం దాకా తేరుకోలేదు.

సాయంత్రం మెల్లగా లేచాడు. "జర నయమైంది. గట్ల పంచాయతీ దిక్కు పోయొస్త."

"చల్లగాలి తగుల్తది. మంచంల పండు!" అని, బయట గొళ్లెం పెట్టి లీలమ్మే పంచాయతీ దిక్కు పోయింది.

వెంకటరాజం కిటికీకి చెవి అతికించాడు. ఒక్క మాటా తెలియలేదు. కొంతసేపటికి మాత్రం ఊరంతా ఒక్కసారి "అయ్యో!" అంది. ఓడ మునిగిందేమో! ఆయన ప్రాణం విలవిల్లాడింది.

తలుపు తెరుచుకోగానే, "ఓడేమైందే?" అని ఎగిరి దూకాడు.

"నీకు జరం గదా?"

"పోయింది!"

"మంచిగైంది. రేపు పొద్దుగాల మొదటి బస్సుకు పోదాం. కథ బస్సుల చెప్త."

బస్సులో లీలమ్మ కథ అందుకుంది. తిండి అయిపోవడం, మనుషులు కొట్టుకోవడం, మంచు మీద ఎవరిదో కేక... ముందు సీట్ల వాళ్లు కూడా వెనక్కి తిరిగారు. కల్వకుర్తి కనిపించే వేళకు ఓడ నిట్టనిలువునా చీలింది.

"చీలి?"

"గంతే. రేడియో బ్యాటరీ అయిపోయింది. అందరం అయ్యో అన్నం."

"మరి కథ చెప్తనంటివి?"

"ఇన్న కాడికి చెప్పిన గదా!"

తొట్టెల దగ్గర ఆడవాళ్లంతా వెంకటరాజాన్ని చుట్టుముట్టారు. లీలమ్మ అప్పటికే ఓడ చీలిన దాకా చెప్పి, అందరికీ చెప్పేసింది, ఆఖరు ముచ్చట మా ఆయనకే ఎరుకని. తప్పించుకునే దారి లేదు. ఊయలలో పసివాడు కళ్లు మిటకరించి చూస్తున్నాడు. ఒక్కడినీ చంపబుద్ధి కాలేదు. మంచు కరిగించాడు. ఓడను అతికించాడు. తిమింగలంతో సహా అందరినీ ఇంటికి చేర్చాడు.

లీలమ్మ అన్న మల్లప్ప కళ్లు తుడుచుకున్నాడు. "బావా, నిన్న రాకుంటివి, గీ కథకు మొదలు మాకు తెల్వకపాయె. ఇంకో నాలుగొద్దులుండి మొదటికెల్లి చెప్పు."

వెంకటరాజం భార్య వైపు దీనంగా చూశాడు.

"ఉంటడన్నా," అంది లీలమ్మ. "ఆయనకు జరం గూడ తగ్గింది."