ఇన్షా అల్లా అని రాసిన జమ

మా క్లబ్బు చేతిలో డబ్బు లేకపోవడం మా అదృష్టం! నవ్వకండి. డబ్బున్న క్లబ్బుల్లో తగువులుంటాయి. మా బిజెర్త్ ఊరి ఇనప గుండ్ల ఆట క్లబ్బులో ఇరవై ఏళ్లుగా ఒక్క తగువు లేదు. దేనికోసం తన్నుకుంటాం?

చందా నెలకు ఐదు దినార్లు. సభ్యులం నలభై మందిమి. అడిగితే ఎవరూ లేదనరు. అంత మర్యాదస్తులు!

"చందా, షాద్లీ అన్నా!" అని కోశాధికారి మోంజి చెయ్యి చాపుతాడు. మాంసం కొట్టు షాద్లీ గుండు పైకెత్తి, "శుక్రవారం ఇస్తాలేరా, ఇన్షా అల్లా. ముందు గురికి అడ్డం తప్పుకో" అంటాడు.

మోంజి తప్పుకుని, పుస్తకంలో ఐదు దినార్లు జమ రాస్తాడు.

"రానిదాన్ని వచ్చినట్టు రాస్తావేంటయ్యా?" అన్నాను ఒకసారి.

"దేవుడి పేరెత్తి చెప్పాడు. ఇవ్వలేదని రాస్తే ఆ పాపం నాకు చుట్టుకోదూ? పోనీ, నువ్వు రాస్తావా?"

నేనూ రాయను.

ఇలాంటి డబ్బు గొప్పతనం ఆలోచించారా? దొంగ ఎత్తుకుపోలేడు. ఎలుక కొరకదు. దాంతోనే పోయినేడు బల్లలు కొన్నాం, లైట్లు పెట్టించాం, పందెం గెలిచినవాడికి గొర్రెపోతునిచ్చాం. అన్నీ పుస్తకంలోనే! గెలిచినవాడు మాత్రం గొర్రె ఏదని ఇంకా అడుగుతున్నాడు. అత్యాశ!

చిక్కల్లా స్థలం సొంతదారు లామీన్‌తోనే. అతనికి భక్తి తక్కువ. నోట్లే కావాలంటాడు. అద్దె ఆరువందల దినార్లు రంజానులోపు కట్టకపోతే, స్థలాన్ని కార్ల పార్కింగుకు ఇచ్చేస్తానన్నాడు. నాకు సాయంత్రం పూట పోవడానికి ఆ మట్టినేల తప్ప మరోచోటు లేదు. మోంజిని లేవదీసి, సాయం అడగడానికి మున్సిపాలిటీకి పోయాం.

గుమాస్తా అమ్మాయి పుస్తకం తిరగేసింది. "ఏడాదికి రెండువేల నాలుగొందలు జమ! ఇంత పెట్టుకుని సాయమా, పెద్దాయనా? మీ వెనకాల ఏమీ లేనివాళ్లు వరసలో ఉన్నారు."

మమ్మల్ని ఉన్నవాళ్లన్న మనిషి అప్పటిదాకా లేడు. మోంజి ఛాతీ పొంగింది. "మాకు లోటేముంది తల్లీ!" అనేశాడు. ఆ జమంతా ఉత్తి రాతేనని నేనైనా చెప్పాల్సింది.

అద్దె కట్టలేకపోయాం. సోమవారం నుంచి మా మట్టినేల మీద కార్లు పెడుతున్నారు. కారుకు రోజుకు రెండు దినార్లు.

మొదట వచ్చిన కారు షాద్లీదే. అడిగేలోపే అద్దం దించి చిల్లర లామీన్ చేతిలో పెట్టాడు. మా సభ్యుల్లో కారున్నవాళ్లందరూ అంతే. రోజూ, లెక్క తప్పకుండా. ఒక్కడైనా దేవుణ్ణి మధ్యలోకి లాగడం లేదు!