నీళ్ళు లేని చెరువే చెరువు

చెరువులో నీళ్ళుండడమంత అనాగరికం ఇంకొకటి లేదు! నమ్మరా? ఆదోనికి రండి, మా పుట్టింటి చెరువు చూపిస్తాను.

నా చిన్నతనంలో అందులో నీళ్ళుండేవి. ఎంత అవస్థో! పరికిణీలు తడిసేవి. కప్పలు కునుకు పట్టనిచ్చేవి కావు. మరి ఇప్పుడు? మా చిన్నాన్న సేతుమాధవరావుగారు రెండేళ్ళ కిందట కట్ట తెగ్గొట్టించి, అడుగున పత్తి వేయించారు. ఎటు చూసినా తెల్లగా పత్తి. ఇక ఎవరైనా మునుగుదామన్నా మునగలేరు! ఇది ప్రోగ్రెస్ కాదూ?

“కప్పలకు తప్ప ఎవురికమ్మా నష్టం?” అన్నారు చిన్నాన్న.

నిజమే. అందరికంటే ఎక్కువ లాభపడింది మావారు. మా ఇంట్లో ఒక ఆచారముంది. కొత్త అల్లుడు చెరువు నడుమనున్న రాతిగుండు దాకా ఈది, దాని మీద నిలబడి భార్యను పేరు పెట్టి పిలవాలి. కట్ట మీద ఆమెకు వినిపిస్తేనే అతనికి విస్తరి! మా మేనత్తల పేర్లు నీళ్ళ మీదుగా తేలి రావడం నేను విన్నాను. నా పేరు వినడానికి ఆరేళ్ళప్పుడే కట్ట మీద చోటు చూసి పెట్టుకున్నాను.

మావారు దత్తాత్రేయగారు ఎమ్మిగనూరులో లెక్కల మాస్టారు. ఈత రాదు. పెళ్ళయినప్పటి నుంచీ మూడు నెలలుగా బల్ల మీద బోర్లా పడుకొని కాళ్ళూ చేతులూ ఆడిస్తున్నారు, పాపం! చెరువులో నీళ్ళు లేవని చెప్పకుండా, తలుపు సందులోంచి చూసి ఎంత నవ్వుకున్నానో!

అటువంటి మనిషి మొన్న కట్టెక్కి చూసి, “ఎంత చక్కటి చెరువు!” అన్నారు. చెప్పులేసుకొని, గొడుగు పట్టుకొని, మిట్టమధ్యాహ్నం చెరువు నడుమకు నడిచిపోయారు. గుండు ఎక్కారు. నోరు తెరిచారు. నేను నా చోట నిలబడి చెవులు రిక్కించాను.

ఏమీ వినపడలేదు! నీళ్ళు మోసుకొచ్చిన పిలుపును పత్తి మోసుకొస్తుందా?

మా ఇద్దరి నడుమ పత్తి తీస్తున్న కూలి ఈరమ్మ ఆ కేక అందుకొంది. “కృష్ణవేణమ్మా! మీ ఆయప్ప అరుస్తాండాడు!”

“నా పేరేనా?” అన్నాను, సిగ్గు పడుతూనే.

“పేరు కాదు తల్లీ! గొంతెండిందంట, నీళ్ళడుగుతాండాడు!”

చెరువు నడుమ నిలబడి నీళ్ళు! ఇంటికి పరుగెత్తి, చెరువు ఊటతో నిండే మా బావిలో చేద వేశాను. అడుగు తగిలి ఖంగుమంది. చేదితే గుప్పెడు బురద, అందులో ఒక కప్ప.

పాపం, నష్టపోయినది అదొక్కటే కదా! దాన్ని చేదతో సహా తీసుకుపోయి, భోజనానికి కూర్చున్న చిన్నాన్నగారి విస్తరి పక్కన పెట్టాను.