అల్తాఫ్ బోర్డు తిప్పేశాడు

ఆ ఉదయం షమీమ్ పెట్టుకున్న పని చాలా చిన్నది. ఆళ్లగడ్డ నుంచి స్కూలు కరస్పాండెంట్ నారాయణ సారు పదకొండింటికి వచ్చేలోపల, భర్త అల్తాఫ్ రిపేరు కొట్టులో ఒక కుర్చీ పట్టేంత చోటు చేయాలి. అది అయ్యే పని కాదని ఆమెకూ తెలుసు. నంద్యాల జనం మిక్సీ, ఫ్యాను, టీవీ ఏది చెడినా అల్తాఫ్‌కిచ్చి, బాగయ్యాక దాని సంగతే మరిచిపోతారు. మౌలాలి మామ టీవీ బాగై ఏడాది దాటింది.

ఆ టీవీకే అల్తాఫ్ తన కొత్త ముద్దుబిడ్డను తగిలించాడు. అరచేతిలో పట్టే చవక కంప్యూటర్ బోర్డు అది. టీవీకీ కీబోర్డుకూ కలిపితే చాలు, కంప్యూటర్ తయారు. సారుకు చూపించేందుకు అందులో పిల్లల లెక్కలు కూడా ఎక్కించాడు. సారుకు నచ్చితే స్కూలు ల్యాబంతా అల్తాఫే పెడతాడు. దాంతో ఈ మిక్సీల పీడ విరగడవుతుందని షమీమ్ గంపెడాశ పెట్టుకుంది.

ఈ బోర్డు పిచ్చోళ్లకు ఫోన్లో ఒక గ్రూపుంది. అందులో ఒకరి మాట ఇంకొకరికి పడదు. "చార్జరు కూడా వేరే కొనాల్నంట, అదేం చవకప్పా?" అంటాడు రుద్రవరం ప్రవీణ్. "పాత ఆఫీసు కంప్యూటర్ దీనికన్నా నయం. ఇది వేడెక్కితే దోసె పోసుకోవచ్చు" అంటాడు, నారాయణ సారు స్కూల్లోనే పనిచేసే కరుణాకర్. ఆ దోసె మాట అల్తాఫ్‌కు నిద్ర లేకుండా చేసింది. ఎందుకంటే బోర్డు నిజంగానే వేడెక్కుతోంది.

ఏడింటికి అతను బోర్డును ఊడదీసి, చిప్పుకు గాలి తగిలేలా తిరగేసి, టీవీ వెనక టేపుతో అంటించాడు. వేడి తగ్గింది. పట్టరాని సంతోషంతో ఫోన్ నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"వారం నుంచి ఒకటే వేడి. ఇంక తట్టుకోలేక పొద్దున్నే బోర్డు తిప్పేసినా. ఇప్పుడు హాయిగా ఉండాది. ఆళ్లగడ్డ సారు వచ్చిపోయేదాకా ఎవురితోనూ అనొద్దండప్పా!"

ఆ మాటలు బోర్డు గ్రూపుకు పోలేదు. సామాన్లిచ్చినవాళ్ల గ్రూపుకు పోయాయి. బోర్డు తిప్పేయడమంటే జనం సొత్తుతో ఉడాయించడమేనని ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. ఇదేమీ తెలియని షమీమ్, కొట్టు పైనున్న రేకు బోర్డును దించి, కడిగి, ఆరడానికి గోడవైపు తిప్పి ఆనించింది.

తొమ్మిదింటికే సారు బస్టాండు నుంచి ఫోన్ చేశాడు. "చూసినావా షమీమ్, బోర్డంటే ఎంత ఆత్రమో!" అని అల్తాఫ్ బండి మీద ఎగిరిపోయాడు. అతను అటు వెళ్లగానే ఇటు రిపేరుకు ఫ్యానిచ్చిన ఉమామహేశ్వరమ్మ రొప్పుతూ వచ్చింది.

"అల్తాఫ్ యాడమ్మా?"

"బస్టాండుకు పోయినాడక్కా."

"అప్పుడే బస్టాండుకా! బోర్డు తిప్పేసినారంట, నిజమేనా?"

"నిజమే. నేనే తిప్పినా. మధ్యాన్నం దాకా అట్లే ఉండనీ అని."

ఉమామహేశ్వరమ్మ గుండె మీద చేయి వేసుకుంది. గోడవైపు తిరిగిన రేకు బోర్డును కళ్లారా చూసింది. ఆపైన ఆమె పెట్టిన కేకకు వీధంతా కదిలింది.

"నా ఫ్యానియ్యి!" "మా గ్రైండరేదీ?" అంటూ జనం మీదపడ్డారు. షమీమ్ బిత్తరపోయింది. ఇన్నాళ్లూ ఫోన్లు చేసి బతిమాలినా రానివాళ్లు ఇప్పుడు ఒకరినొకరు తోసుకుంటున్నారు. ఎవరో ఆ మెసేజ్ వినిపించాక గానీ ఆమెకు విషయం బోధపడలేదు. అసలు సంగతి చెబుదామని నోరు తెరిచింది. ఇంతలో కొట్టు నేల కనబడింది. పెళ్లయ్యాక ఆ నేలను చూడటం ఆమెకదే మొదటిసారి. పోనీలే, ఇంకాసేపు బోర్డు తిరిగే ఉండనీ అనుకుని నోరు మూసేసింది.

అల్తాఫ్ సారును వెంటబెట్టుకుని వచ్చేసరికి మూలనున్న ఒక్క మిక్సీ తప్ప కొట్టు అద్దంలా ఉంది.

"టీవీ ఏదీ?" అన్నాడు అల్తాఫ్.

"మౌలాలి మామ..." అని షమీమ్ నాలుక కరుచుకుంది. టీవీ పోతే దాని వెనకున్న బోర్డు కూడా పోయినట్టే. తన తెలివితేటలకు ల్యాబు చేజారిందని ఆమెకు కళ్లనీళ్లు తిరిగాయి. ముగ్గురూ పక్క వీధికి పరుగెత్తారు.

మౌలాలి రేకుల ఇంట్లో నిప్పులు చెరుగుతున్నాడు. "ఏం రిపేరప్పా ఇది? సీరియల్ పెడితే లెక్కలొస్తాండాయి!" ఆయన మనవరాలు హసీనా మాత్రం కీబోర్డు ఒళ్లో పెట్టుకుని ఆ లెక్కలు టకటకా చేసేస్తోంది.

నారాయణ సారు టీవీ వెనక వేలు పెట్టి చూశాడు. "ఈ రేకుల కింద కూడా వేడెక్కలేదే! కరుణాకర్ దోసె పోసుకోవచ్చన్యాడే?"

"ఆయన్ను వేరే పెనం చూసుకోమనండి సారూ" అన్నాడు అల్తాఫ్.

సారు నవ్వి, "ల్యాబు నీదేపో" అన్నాడు. షమీమ్‌కు ప్రాణం లేచి వచ్చింది.

"బోర్డు మీద మీకున్న ఇష్టం చూస్తే ముచ్చటగా ఉండాది సారూ, పొద్దున్నే వచ్చేసినారు" అన్నాడు అల్తాఫ్.

సారు కాస్త నసిగాడు. "బోర్డు కోసం కాదప్పా. నీ మెసేజ్ ఇని మా ఇంటామె ఒకటే గోల. ఆమె మిక్సీ నీ కాడ ఉంది గదా, అది తేకుండా ఇల్లు తొక్కొద్దన్నాది."

అల్తాఫ్ షమీమ్ వైపు చూశాడు. కొట్టు మొత్తంలో అతను ఇంతవరకూ విప్పి కూడా చూడని సామాను అదొక్కటే.