కామ్ గేరుకు కుంకుమ బొట్టు

శనివారానికి చైతన్య వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే తన తెల్ల జెన్ కారును కొత్తగూడలో రవీందర్ షెడ్డుకు తీసుకెళ్ళాలి. ఇద్దరూ కలిసి ఇంజన్‌లో కొత్త కామ్ షాఫ్టు వేసి, దాని కొసకు కొత్త కామ్ గేరు బిగించాలి. మధ్యాహ్నం ఇంటికొచ్చి కడుపునిండా తిని పడుకోవాలి.

కామ్ షాఫ్టంటే ఇంజన్ ఊపిరి పీల్చి వదిలే వాల్వులను తెరిచి మూసే కడ్డీ. కారుతో పాటు వచ్చిన కడ్డీ సంసారపక్షంగా పనిచేసుకుపోతుంది. చైతన్య బొంబాయి నుంచి తెప్పించింది మాత్రం పందేల కోసం చేసింది. దాన్ని తిప్పే పళ్ళచక్రమే కామ్ గేరు. ఈ కొత్త గేరు రెండు ముక్కలుగా ఉంటుంది. లోపలి బిళ్ళ మీద ఒక గీత, బయటి చక్రం మీద సన్నటి కొలత గీతలు. లోపలి గీతను సున్నాకు ఎదురుగా పెట్టి బోల్టులు బిగించాలి. కాస్త అటో ఇటో జరిగితే ఇంజన్ స్వభావమే మారిపోతుంది.

ఇంత తాపత్రయం దేనికంటే, ఆదివారం బాచుపల్లి మైదానంలో కార్ల పందెం ఉంది, మట్టిలో నిలబెట్టిన డ్రమ్ముల చుట్టూ ఒక్కో బండే తిరిగిరావాలి, తక్కువ సమయంలో వచ్చినవాడిదే గెలుపు. కిందటేడు ఆఫీసులో పక్క సీటు ఓంకార్ చేతిలో చైతన్య ఓడిపోయాడు. ఈసారి కూడా ఓంకార్ గెలిస్తే జెన్ అమ్మేసి ఇంటిల్లిపాదీ పట్టే వ్యాను కొనాలని, మణికొండ స్కూల్లో పాఠాలు చెప్పే భార్య సుష్మ షరతు పెట్టింది. చైతన్య ఆవేశంలో సరేనన్నాడు. ఆ తర్వాత రెండు రోజులు అన్నం సహించలేదు. పెళ్ళికి ముందు నుంచీ ఉన్న బండి మరి.

గేరు శుక్రవారం నాడు ఇంటికొచ్చింది. చైతన్య తల్లి ఈశ్వరమ్మది కడప. బొట్టు పెట్టకుండా ఏ కొత్త వస్తువునూ ఆమె వాడనివ్వదు. గ్యాసు పొయ్యికి పెట్టింది, మిక్సీకి పెట్టింది. కంప్యూటరుకు పెట్టినప్పుడు మాత్రం పసుపు అద్దమంతా పాకి కొడుకు చేత చీవాట్లు తింది. అప్పటి నుంచి కనపడకుండా పెట్టడం నేర్చుకుంది. ఇప్పుడు కూడా నూనెలో తడిపిన కుంకుమను చిటికెనవేలితో తీసి, ఆవగింజంత బొట్టు, చక్రం మీదున్న సన్నగీతలు ముగ్గులాగా ముచ్చటగా ఉన్నాయని సరిగ్గా వాటి మీదే పెట్టింది. అది సున్నాకు బాగా పక్కన పడింది. పెట్టి, గేరును ఎప్పటిలాగే కాగితంలో చుట్టేసింది.

శనివారం చైతన్య షెడ్డు చేరేసరికి పేజరు మోగింది. రెండు వేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నిటికీ మతి పోతుందని ప్రపంచం భయపడుతున్న రోజులవి. ఆ భయం చైతన్య మేనేజరు రామ్మోహనరావుకు శని, ఆదివారాల్లో ఎక్కువ. చైతన్య బండినీ సామాన్లనూ రవీందర్‌కు అప్పగించి హైటెక్ సిటీకి పరుగెత్తాడు. అక్కణ్ణుంచి షెడ్డు పక్కనున్న ఎస్టీడీ బూతుకు ఫోన్ చేశాడు.

"గేరు మీద గుర్తు ఉంటుంది రవీందర్. లోపలి గీతను దానికి ఎదురుగా పెట్టి బిగించు. ఇంకేమీ కదిలించొద్దు."

"జర ఫికర్ చెయ్యకు అన్నా. నాకిడిసిపెట్టు."

రెండు ముక్కల గేరును రవీందర్ చూడటం అదే మొదలు. అయినా ఒప్పుకునే మనిషి కాదు. కాగితం విప్పగానే ఎర్రటి చుక్క కనిపించింది. మెకానిక్కు కళ్ళు చించుకోనక్కర్లేకుండా రంగు కూడా వేసి పంపిన కంపెనీవాళ్ళ మీద అతనికి గౌరవం పుట్టింది. గీతను చుక్కకు ఎదురుగా పెట్టి గట్టిగా బిగించాడు. పాత షాఫ్టును పేపర్లో చుట్టి డిక్కీలో వేసి, బండిని స్వయంగా ఇంటి దగ్గర వదిలి వెళ్ళాడు.

కాసేపటికి సుష్మ కూరగాయల సంచి పెట్టబోతే డిక్కీలోని పొట్లం నుంచి ఆయిలు కారి చీరకు అంటింది. అప్పుడే వీధిలో పాత ఇనుప సామాన్లవాడు కేక వేస్తున్నాడు. పొట్లం వాడి బండెక్కింది.

సాయంత్రం చైతన్య వచ్చి స్టార్ట్ చేశాడు. పందెం షాఫ్టు వేసిన ఇంజన్ నిలబడిన చోట గునుస్తూ వణకాలి. ఇది పెరట్లో ఆవు నెమరేస్తున్నట్టు ప్రశాంతంగా ఉంది. రోడ్డు మీద తొక్కి చూస్తే పై వేగంలో దమ్ము లేదు. వెంటనే రవీందర్‌ను పిలిపించాడు.

"పాత షాఫ్టే మళ్ళీ పెట్టినావు కదా?"

"ఏందన్నా, గంత మాటంటవా? పాతది డిక్కీల పెట్టిన. చూస్కో."

డిక్కీ ఖాళీగా ఉంది.

"అదా? నూనె కారుతుంటే సామాన్లవాడికి ఇచ్చేసినా," అంది సుష్మ మామూలుగా.

చైతన్య ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. వ్యాను కావలసిన భార్య, మాయమైన షాఫ్టు, తల దించని మెకానిక్కు. రాత్రింబవళ్ళు ప్రోగ్రాముల్లో తప్పులు వెతికే బుర్ర కదా, క్షణంలో లెక్క తేల్చేసింది.

"ఇద్దరూ కలిసి నన్ను ఓడించాలనుకున్నారన్నమాట."

రవీందర్ టీ తాగకుండానే వెళ్ళిపోయాడు. సుష్మ మాట్లాడకుండా అన్నం పెట్టింది. చైతన్యకు ఆ మౌనం కంటే తిట్లే నయమనిపించింది. ఈశ్వరమ్మ మాత్రం బండికి దిష్టి తగిలిందని గుమ్మడికాయ కొట్టించింది.

రాత్రి వాన కురిసింది. ఆదివారం ఉదయం తల్లిని వెనక సీట్లో కూర్చోబెట్టి, "నేను ఇంజన్ వింటా, నువ్వు నడుపు," అన్నాడు చైతన్య సుష్మతో. దారి పొడుగునా వాళ్ళ మధ్య నడిచిన మాట అదొక్కటే. మియాపూర్ ఎత్తు దగ్గర సుష్మ గేరు మార్చబోయి ఆగింది. మూడో గేరులోనే బండి మెత్తగా ఎక్కేసింది. ఆమె చేతులు స్టీరింగు మీద కాస్త కుదురుకున్నాయి. అలక వల్ల ఆ సంగతి పైకి చెప్పలేదు.

మైదానంలో రవీందర్ స్పానర్ల సంచితో ఎదురుచూస్తున్నాడు. పలకరించకుండానే బానెట్ ఎత్తి ఇంజన్ పైమూత విప్పాడు.

"నీ కండ్లతోని చూడు."

కొత్త షాఫ్టు తళతళలాడుతూ కనిపించింది. చైతన్య తల వాలిపోయింది. రవీందర్ కోపం ఇంకా తీరలేదు. బెల్టు మూత కూడా తీశాడు.

"గిది గూడ చూడు. ఎర్ర గుర్తు కాడికి కరెక్టుగ పెట్టిన."

"ఎర్ర గుర్తేంది?" చైతన్య గోటితో గీకి వాసన చూశాడు. మెల్లగా వెనక్కి తిరిగాడు. ఈశ్వరమ్మ బొరుగుల ఉగ్గాని గిన్నె మూత తీస్తోంది.

"అమ్మా, దీనికి బొట్టు పెట్టినావా?"

"చిన్నదే కదరా అబ్బీ. శుక్రవారం పూట ఇంటికొచ్చిన సామాను, బోసి మొగంతో ఎట్ల పంపిస్తా?"

సున్నాకు మార్చే వ్యవధి లేదు. మైకులో అప్పటికే ఓంకార్ పేరు పిలిచారు, తర్వాత చైతన్యదే. రవీందర్ గబగబా మూతలు బిగించాడు.

"తప్పు నాదే రవీందర్. సుష్మా, నిన్ను కూడా అనుమానించినా," అన్నాడు చైతన్య.

"ఇంటికి పోయినాక చెప్తా మీ సంగతి. ముందు బండెక్కండి," అంది సుష్మ. ఆమె మాట్లాడినందుకే అతనికి సగం గెలిచినట్టయింది.

ఓంకార్ బండి మైదానం అదిరేలా గర్జించింది. ఆ గర్జన చక్రాల్లోకి దిగి, ఎర్రమట్టిలో ఉన్నచోటే గిర్రున తిరిగింది. ప్రతి డ్రమ్ము దగ్గరా గొయ్యి తవ్వుకుంటూ, బురద చిమ్ముకుంటూ ఎలాగో బయటపడ్డాడు. తర్వాత జెన్ కదిలింది. కామ్ గేరు సున్నా దాటి ముందుకు జరిగి ఉండటంతో ఇంజన్ బలమంతా తక్కువ వేగంలోకి వచ్చింది. చక్రం జారకుండా, సద్దు చేయకుండా, డ్రమ్ముల చుట్టూ తాపీగా తిరిగొచ్చింది. గడియారాలు పట్టుకున్నవాళ్ళు ఒకరినొకరు చూసుకుని చైతన్య గెలిచాడని ప్రకటించారు.

చైతన్య తల్లిని వాటేసుకున్నాడు. రవీందర్ కోపం మరిచి నవ్వేసి, ఉగ్గాని తిని, మూతి తుడుచుకుని స్పానరు తీశాడు.

"ఇగ సున్నాకు పెడత అన్నా. అప్పుడు సూడు దీని స్పీడు."

"ముట్టుకోవద్దు," అంది సుష్మ. ఆమె అప్పటికే డ్రైవరు సీట్లో కూర్చుని ఉంది.

"అదేంటి, గెలిస్తే బండి ఉంచుతానన్నావు కదా?" అన్నాడు చైతన్య.

"ఉంచుతా. నాకు మణికొండ స్కూలుకు పోయి రావడానికి ఇంతకంటే మంచి బండి దొరకదు. ఎవరు నడపాలో మనం అనుకోలేదు కదా."

ఆమె స్టీరింగును నిమురుతున్న తీరు చూస్తే చైతన్యకు తనను తాను చూసుకున్నట్టే అనిపించి, వాదించబుద్ధి కాలేదు. తాళం చెవి ఆమె చేతిలోనే ఉండనిచ్చి వెనక సీట్లో తల్లి పక్కన సర్దుకున్నాడు.

సోమవారం ఉదయం హైటెక్ సిటీకి వెళ్ళే బస్సులో పందెం విజేతకు నిలబడటానికి మాత్రం చోటు దొరికింది.