మూడో వరసలో స్టీలు గ్లాసు

ఆ రోజు మేనేజరు పెట్టుకున్న పనులు రెండే. సాయంత్రం తన హాకీ క్లబ్బు స్టార్ ఆటగాడి చేత కొత్త కాంట్రాక్టు మీద సంతకం పెట్టించడం, ఈలోగా భోజనాల బల్లకి ఊగుతున్న కాలు బాగుచేయించడం. మొదటిది తప్పితే ఉద్యోగం ఊడుతుందని క్లబ్బు అధ్యక్షుడు చెప్పాడు. రెండోది తప్పితే ఏమవుతుందో భార్య చెప్పలేదు కాబట్టి దానికే ఎక్కువ భయపడ్డాడు. వడ్రంగి మాత్రం రేపొస్తానన్నాడు.

ఫార్వర్డ్ ఆటగాళ్లు ముగ్గురేసి ఒక వరసగా, మూడు వరసలు వంతులవారీగా మైదానంలోకి దిగుతారు. ఎవరు ఎవరితో దిగాలో తేల్చడానికి మేనేజరు రోజూ ఇంట్లో ఆ బల్ల మీదే కప్పులు పేర్చి, ఫొటో తీసి కోచ్‌కి పంపుతాడు. పొడుగు స్టీలు గ్లాసు స్టార్. రెండు పెద్ద మగ్గులు ఆ తర్వాతి ఖరీదైనవాళ్లు. చిన్న కప్పులు కొత్తవాళ్లు. ఈ గుట్టు కోచ్‌కి తప్ప మూడో మనిషికి తెలీదు. ఎక్కువ జీతం తీసుకునే ముగ్గురూ మొదటి వరసలోనే ఉండాలన్నది మేనేజరు సిద్ధాంతం. వాళ్లు బంతి కోసం తమలో తామే కొట్టుకుంటున్నారని ఏడాదిగా చూస్తున్నా, కాంట్రాక్టుల మీద గౌరవం కొద్దీ ఊరుకున్నాడు.

కప్పులు పేర్చేసరికి అధ్యక్షుడు ఫోను చేశాడు. మేనేజరు లోపలికెళ్లి చీవాట్లు తింటుండగా అత్తగారు వచ్చి, ఒరిగిన బల్లను చూసి, బరువైనవి విడదీసి వరసకొకటి పెట్టి వెళ్లిపోయింది. అల్లుడు తిరిగొచ్చి, సరిగా చూడకుండానే ఫొటో తీసి పంపేశాడు.

మైదానానికి చేరేసరికి కొంప మునిగింది. కోచ్ వరసలు ప్రకటించేశాడు. స్టార్ మూడో వరసలో, ఇద్దరు కొత్త కుర్రాళ్ల మధ్య. కోచ్ ఫోనులో ఫొటో చూశాక గానీ అది అత్తగారి సర్దుడని మేనేజరుకి అర్థం కాలేదు.

"సాయంత్రం సంతకం సంగతి మర్చిపోండి సార్," అన్నాడు స్టార్. "వేరే క్లబ్బు వాళ్లు పిలుస్తున్నారు."

నిజం చెప్పేస్తే అక్కడితో పోయేది. కానీ జట్టు కూర్పు కాఫీ కప్పులతో నడుస్తోందని ఏ మొహం పెట్టుకుని చెప్తాడు? ఇది ఎంతో ఆలోచించి వేసిన ఎత్తు అన్నాడు. వెంటనే మగ్గులిద్దరూ వచ్చారు. ఇప్పుడు చెరో వరసకీ పెద్దదిక్కు తామేనట, స్టార్‌కిచ్చేదే తమకూ ఇవ్వాలట. చూద్దాంలే అన్నాడు. ఆ మాట చెవిన పడి స్టార్ సంచి సర్దుకోవడం మొదలెట్టాడు. ఇంట్లో టీవీ రిమోటే నా మాట వినదు, క్లబ్బు వింటుందని ఎలా అనుకున్నానని మేనేజరు తన తెలివికి తానే దణ్ణం పెట్టుకున్నాడు.

"ఈ ఒక్క ప్రాక్టీసూ ఆడి వెళ్లు నాయనా," అని బతిమాలాడు.

స్టార్ మొహం గంటు పెట్టుకునే దిగాడు. కుర్రాళ్లు భయంతో దొరికిన బంతినల్లా ఆయనకే నెట్టారు. గోలు మీద గోలు పడింది. మగ్గులు కూడా తమ తమ వరసల్లో అడ్డొచ్చేవాడు లేక చెలరేగిపోయారు. ఆట ముగిసేసరికి జీతాల ఊసే మరిచిపోయారు.

స్టార్ చెమట తుడుచుకుంటూ వచ్చి పెన్ను అడిగాడు. "ఆ పాత వరసలో ఇద్దరి దగ్గర్నుంచీ బంతి లాక్కోలేక ఏడాదిగా చస్తున్నాను సార్. నా వరస మార్చనని మాటివ్వండి, సంతకం పెడతాను."

ప్రాక్టీసు చూడ్డానికొచ్చిన అధ్యక్షుడు మేనేజరు భుజం తట్టి, ఇంత తూకంగా ఎలా కుదిర్చావని అడిగాడు. అంతా అనుభవం అన్నాడతను, బూట్ల వైపు చూసుకుంటూ. ఇంటికెళ్లి అదే ప్రశ్న అత్తగారిని అడిగాడు.

"బరువంతా ఒక్కవైపే పెడితే బల్ల నిలబడుతుందా బాబూ?" అందావిడ.

మర్నాడు వడ్రంగి వస్తే, మేనేజరు గుమ్మంలోంచే తిప్పి పంపేశాడు.